నాలుగు వందల పన్నెండు వద్దులు

అప్పలనరసమ్మగారు వరసగా మూడోరోజు కూడా సగ్గుబియ్యం ఉప్మా తిన్నప్పుడు వకుళకి అనుమానం వచ్చింది.

ఆవిడకి సగ్గుబియ్యం అంటే అసహ్యం. ఇరవై రెండేళ్ళ కిందట కొత్తకోడలు వకుళ ఓ ఏకాదశి నాడు ముచ్చటపడి ఆ ఉప్మా చేస్తే, "ఈ బంక దాచిపెట్టవే, పుస్తకాలకి అట్టలేసుకోడానికి పనికొస్తుంది" అని పళ్ళెం పక్కకి తోసిన మనిషి. ప్రభుత్వాసుపత్రిలో ముప్ఫై మూడేళ్ళు పనిచేసి హెడ్ నర్సుగా రిటైరైంది. సర్జన్లు సైతం చెప్పులతో వార్డులోకి రాబోతే "వద్దు" అని గుమ్మంలోనే నిలబెట్టేదని పేరు. ఇంట్లో కూడా ఆ మాటకి సెలవుండేది కాదు. కొత్త కర్టెన్లు వద్దు, మిక్సీలో పచ్చడి వద్దు, వకుళ ఉద్యోగం వద్దు, ఉద్యోగం మానేశాక వకుళ పగటినిద్ర వద్దు.

"ఇంకొంచెం వెయ్యనామ్మా?" అన్నాడు సన్యాసిరావు. వకుళ భర్త, పోర్టులో ఇంజినీరు. తల్లి తిండి సంగతి ఈమధ్య తన నెత్తిన వేసుకున్నాడు. ఏం వండాలో చెబుతాడు, వండటం మాత్రం అందులోకి రాదు.

"అలాగా. మరోసారి ఆలోచిద్దాం" అందావిడ.

అతను మరో రెండు గరిటెలు వేశాడు.

"చూశావా వకుళా! అమ్మ ఎంత మెత్తబడిపోయిందో. పుట్టి బుద్ధెరిగాక నాతో 'మరోసారి ఆలోచిద్దాం' అనడం ఇదే మొదలు."

వకుళ చూసింది ఆవిడ ముఖాన్ని కాదు, ఎడమచేతిని. ఆ చెయ్యి బల్ల అంచుని పట్టుకుని ఉంది. వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. కళ్ళు కొడుకుని కాదు, కోడల్నే చూస్తున్నాయి. ఆ చూపు వకుళకి కొత్త కాదు. పచ్చడి మిక్సీలో వేసిన రోజుల్లో చూసిన చూపే. చూపు అదే, మాట మాత్రం ఎవరిదో.

ఎవరిదో అనుకున్న మరుక్షణమే వకుళకి ఎవరిదో గుర్తొచ్చింది. చేతిలో గరిటె సింకులో పడేసింది.

*

ఆ జనవరిలో, ఓ ఉదయం పేపరు చదువుతూ చదువుతూ ఉండగా అప్పలనరసమ్మగారి మాట పడిపోయింది. పక్షవాతం కుడిచేతిని కాస్త పట్టుకుని వదిలేసింది గానీ, మాటని మాత్రం పట్టుకుపోయింది. ఎదుటివాళ్ళు అన్నది అర్థమయ్యేది. తను అనాలనుకున్నది గొంతుదాకా వచ్చి ఆగిపోయేది. రాయబోయినా అంతే. ఆఖరికి తల ఊపడంలో కూడా అవునూ కాదూ కలగాపులగమైపోయాయి.

రుషికొండ దారిలో కొత్తగా వెలిసిన నాడీ పరిశోధనశాలలో డాక్టర్ నీలోత్పల అనే అమ్మాయి ఉందని ఎవరో చెబితే తీసుకెళ్ళారు. ముప్ఫై అయిదేళ్ళుంటాయేమో, డాక్టరంటే నమ్మబుద్ధికాని వయసు. గోడమీద మెదడు పటం ఉంది గానీ, దానికేసి చూపించి ఉపన్యాసం చెప్పలేదు.

"బావిలో నీళ్ళున్నాయండీ. గిలక విరిగింది. దాన్ని అతికించలేం. కొత్త గిలకని ఇంకోచోట బిగిస్తాం" అని వెండితీగల టోపీ ఒకటి చూపించింది. "ఈ టోపీ పెట్టుకుని పేషెంటు ఓ కొత్త లోకంలో రోజూ రెండు గంటలు బతకాలి. అక్కడ ఎవరో ఏదో అడుగుతారు, ఈవిడ జవాబు ఎంచుకుంటారు, ఆ జవాబు చెవిన పడుతుంది. మనసులో ఉద్దేశం, ఆ వాక్యం, రెండూ కలిపి టోపీ ముడేస్తుంది. చేతి సైగలు కొంత వెనకబడతాయి, బలమంతా మాటవైపు మళ్ళుతుంది కాబట్టి."

"కొత్త లోకం ఎందుకండీ? పాత పాటలు పెట్టకూడదా?" అన్నాడు సన్యాసిరావు.

"తెలిసినవన్నీ విరిగిన గిలక మీదే తిరుగుతాయండీ. అసలు ముక్కూమొహం తెలియని లోకం కావాలి. మేమే ఓ ఆట తయారుచేశాం. పేషెంట్లు నిద్రపోయారు." నీలోత్పల నవ్వలేదు. "చివరికి పాత జపాను వీడియో గేములు దొరికాయి. జపానులోనే ఎవరికీ తెలియనివి. చిన్న ఊరు, నలుగురు మనుషులు, పొద్దస్తమానం మాటలు. అభిమానులు సరదాకి హిందీలోకీ, తమిళంలోకీ తెచ్చుకున్నారు. తెలుగులోనే లేవు."

"నా దగ్గర ఒకటుందండీ" అంది వకుళ.

సన్యాసిరావు కుర్చీతో సహా ఇటు తిరిగాడు. ఏడేళ్ళుగా ఆ పనిని అతను 'నీ బొమ్మలాట' అనేవాడు.

వకుళ తండ్రి ఇనుపరాయి ఎగుమతి చేసే కంపెనీలో గుమస్తా. రాయి కోసం వచ్చిన ఓడలోంచి దిగిన జపాను నావికుడొకాయన ఓసారి ఆయనకి ఆటపెట్టె, మూడు క్యాసెట్లు ఇచ్చి వెళ్ళాడు. క్యాసెట్లలో ఏముందో చదువుకోవాలనే పంతంతో వకుళ బీయే చదువుతూ సాయంత్రాలు జపనీస్ సర్టిఫికెట్ కోర్సు చేసింది. పంతం తీరేసరికి పెళ్ళయింది. పెళ్ళయిన పదిహేనేళ్ళకి, కుక్కరు దించిన తర్వాత నుంచి కాఫీ కలిపే దాకా ఉండే మూడు గంటల్లో, ఆ మూడింటిలో ఒకదాన్ని తెలుగు చేయడం మొదలుపెట్టింది. పేరు 'కనుమ సత్రం'.

అందులో యుద్ధాల్లేవు, రాక్షసుల్లేరు. మంచు కురిసే కొండ కనుమలో ఓ సత్రం. దాన్ని నడిపే ముసలావిడగా మనం ఆడాలి. బాటసారులు వచ్చి ఏదో ఒకటి అడుగుతారు. సరే అనొచ్చు, వద్దనొచ్చు. సరే అంటే కథ ముందుకి నడుస్తుంది. వద్దంటే సత్రం ముసలావిడ ఓ మాట అంటుంది, బాటసారి మళ్ళీ అదే ప్రశ్న వేస్తాడు. అందుకని వద్దనే ఆటగాళ్ళు ఉండరు. మొత్తం మూడు వేల నూటనలభై సంభాషణలు. తెలుగు చేసి ఇంటర్నెట్‌లో పెడితే ముప్ఫై ఏడుసార్లు దించుకున్నారు. అందులో పదకొండు సార్లు వకుళే, సరిగ్గా దిగుతోందో లేదో చూసుకోడానికి.

ముప్ఫై ఎనిమిదోసారి పరిశోధనశాల దించుకుంది.

జూన్‌లో మొదలైన చికిత్స జులై మధ్యకి ఫలించింది. పాలవాడు గుమ్మంలోకి రాగానే అప్పలనరసమ్మగారు ఆరునెలల మౌనం వదిలి, "లోపలికి రండి, కాళ్ళు తడిసినట్టున్నాయి" అంది. సన్యాసిరావు గోడకానుకుని ఏడ్చాడు. పాలవాడు మాత్రం తన కాళ్ళకేసి చూసుకున్నాడు. ఫ్యాను గాలి ఎక్కువైతే "మంచు కురిసేలా ఉంది, పొయ్యి దగ్గరికి జరగండి" అనేది. కేబులబ్బాయితో "ఈ కనుమ దాటితే మళ్ళీ సత్రం లేదు" అంటే, ఆవిడకి వేదాంతం పట్టుకుందని అపార్ట్‌మెంటంతా చెప్పుకుంది.

వాక్యాలు వాక్యాలుగానే వచ్చేవి. ముక్కలు విడదీసి కొత్తది అల్లుకోవడం ఇంకా రాదు. అయినా ఎక్కడ ఏది కావాలో ఆవిడకి తెలుసు. ప్రతి వాక్యం వకుళ వంటింటి గట్టు పక్కన కూర్చుని రాసిందే. తను రాసింది ఒకరి నోట వినడం ఎలా ఉంటుందో అంతకుముందు ఆమెకి తెలియదు. బాగుంది. ఎంత బాగుందంటే, అత్తగారి జబ్బు విషయంలో ఇంత సంతోషపడటం తప్పేమోనని ఓ శనివారం ఉపవాసం కూడా ఉంది.

*

సన్యాసిరావు ఆఫీసుకి వెళ్ళగానే వకుళ కంప్యూటరు తెరిచింది. వెతకనక్కర్లేకుండానే తెలుసు, అయినా వెతికింది. 'అలాగా. మరోసారి ఆలోచిద్దాం.' ఎన్నిచోట్ల ఉందో లెక్క వచ్చింది. నాలుగు వందల పన్నెండు.

అనువాదం చివరి నెలలో పనిమనిషి మానేసింది, ఆడపడుచు కూతురి పెళ్ళి వచ్చింది, ఇంటినిండా చుట్టాలు. సరే అన్నప్పుడు వచ్చే మాటలన్నీ అయిపోయాయి. వద్దన్నప్పుడు వచ్చేవి మిగిలాయి. ఎవరూ చూడనివి. తర్వాత తీరిగ్గా చేద్దామని అన్నిటి స్థానంలో మర్యాదైన వాక్యం ఒకటి అతికించి పని ముగించేసింది. ఈ పని చేసేవాళ్ళందరూ చేసేదే. తర్వాత తీరిక రాకపోవడమూ అందరికీ ఉన్నదే.

అంటే టోపీ పెట్టుకుని అత్తగారు వద్దని నొక్కిన ప్రతిసారీ చెవిలో పడిన మాట అదొక్కటే. ఆ మనిషి ఎన్నిసార్లు వద్దని నొక్కి ఉంటుంది! కథ ముందుకెళ్ళాలని సరే అనే రకమా ఆవిడ?

వకుళ పక్కగదిలోకి వెళ్ళింది. అప్పలనరసమ్మగారు మంచంమీద కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"అత్తయ్యా, సగ్గుబియ్యం ఉప్మా ఇంకొంచెం ఉంది. తెమ్మంటారా?"

"అలాగా. మరోసారి ఆలోచిద్దాం."

"అంటే వద్దనేగా?"

ఆవిడ ఇటు తిరిగింది. జవాబు కోసం పెదవులు కదిలాయి.

"లోపలికి రండి" అంది ఆవిడ. మామూలుగా కాదు, పళ్ళు కొరుకుతూ.

*

"టోపీ ముడులు శాశ్వతంగా బిగించే స్థిరీకరణకి సమ్మతి తీసుకున్నామండీ. రికార్డు కూడా ఉంది" అంది నీలోత్పల.

తెరమీద అప్పలనరసమ్మగారు. పక్కన ఎథిక్స్ కమిటీ తరఫున ఒకాయన. "స్థిరీకరణకి మీరు ఒప్పుకుంటున్నారా?" అని అడిగాడు. "అలాగా. మరోసారి ఆలోచిద్దాం." ఆయన మర్యాదగా అరగంట ఆగి మళ్ళీ అడిగాడు. అదే జవాబు. మూడోసారీ అదే. 'మూడుసార్లు ఆలోచించుకుని, అభ్యంతరం చెప్పలేదు' అని కింద రాసి సంతకం పెట్టాడు.

"అది అభ్యంతరమేనండీ! ఆవిడ దగ్గర వేరే మాట లేదు. నేను రాయలేదు" అంది వకుళ. రాయలేదని చెప్పడానికి అంత దూరం రెండు బస్సులు మారి వచ్చింది.

నీలోత్పల రికార్డుని వెనక్కి తిప్పి మళ్ళీ చూసింది. "అవుననలేదు. కాదనీ అనలేదు" అంది మెల్లగా. పాపం, ముఖం వాడిపోయింది. "మా పేషెంట్లందరూ బాగా సహకరిస్తున్నారని మొన్ననే ఓ వ్యాసం కూడా రాశానండీ."

"ఒప్పుకోకపోతే ఏమవుతుంది?"

"టోపీ వేసిన ముడులు నాలుగైదు నెలలకి వదులైపోతాయి. ఈ వాక్యాలన్నీ పోతాయి. స్థిరీకరణ చేస్తే ఎప్పటికీ ఉంటాయి, ముక్కలు విడదీసి కొత్త వాక్యాలు కూడా అల్లుకోగలరు. కాకపోతే ఆ బట్టతోనే కుట్టుకోవాలి. ఆవిడ సొంత మాటలు తిరిగొచ్చే చోటు కూడా దీనికిందే పోతుంది."

"సొంతవి వస్తాయా?"

"చెయ్యకపోతే, కష్టపడితే, ఓ పదో ఇరవయ్యో. అదీ గ్యారంటీ లేదు."

పదో ఇరవయ్యో ఎక్కడ, మూడు వేల నూటనలభై ఎక్కడ. ఎవరైనా ఏది కోరుకుంటారో వకుళకి అనుమానమే లేదు. అత్తగారు ఒప్పుకోవాలి, ఒప్పుకుంటుంది కూడా. కానీ వద్దనే వీలున్న నోటితో ఒప్పుకోవాలి. ఇవాళ సరే అని, రేపట్నించి బతికినన్నాళ్ళూ సగ్గుబియ్యం తినడానికా?

"స్థిరీకరణకి పన్నెండు రోజులుంది. మీరు ఆ మాటలు తెస్తే ఎక్కిస్తాను. ఆ రోజు పొద్దున్నే మళ్ళీ అడుగుతాం" అంది నీలోత్పల.

*

అనువాదాన్ని ఆటలోకి ఎక్కించేది అనకాపల్లిలో సెల్‌ఫోన్లు బాగుచేసే సూరిబాబు. ఏడేళ్ళలో వకుళ అతన్ని చూసింది లేదు. ఫోనులోనే పరిచయం.

"నాలుగొందల పన్నెండా? ఏటి మేడమ్, పన్నెండ్రోజుల్లోనా?" అన్నాడు. "అప్పుడే సెప్పినాను, అతికించీకండి, దెయ్యమై పట్టుకుంటాదని. ఇన్నారా?"

"నువ్వు చెప్పలేదు సూరిబాబూ."

"మనసులో అనుకున్నాను మేడమ్. సరే, పంపండి. మాటల పెట్టెకి మూడు లైన్లే. లైనుకి పద్నాలుగు అచ్చరాలు. దాటినారంటే మంచు మొత్తం తెరమీంచి కారిపోద్ది."

వకుళ కూర్చుంది. జపాను మాటలు అర్థమవుతూనే ఉన్నాయి. తెలుగే రావడం లేదు. మొదటిరోజు ఆరు వాక్యాలయ్యాయి. ఆరూ చదువుకుంటే, ఒక్కటీ వద్దన్నట్టు లేదు. 'క్షమించండి, ఈసారికి కుదరదేమో.' 'ఏమీ అనుకోకపోతే తర్వాత చూద్దాం.' ఇరవై రెండేళ్ళుగా ఆమె వాడుతున్నవే. వాటితో ఆమె ఒక్కటంటే ఒక్కటి కూడా ఆపుకోలేకపోయింది.

రెండోరోజు సొరకాయ చెక్కు తీస్తుండగా దారి దొరికింది. వద్దనడం తనకి రాదు. వచ్చిన మనిషి ఇంట్లోనే ఉంది. ఆవిడ అన్నవన్నీ వకుళకి తారీఖులతో సహా జ్ఞాపకం. కోడళ్ళు ఈ విషయంలో మంచి గుమస్తాలు. బాటసారి సత్రం వంటగదిలో చెయ్యి పెట్టబోతే ముసలావిడ ఏమనాలి? 'నా పొయ్యి దగ్గర నీ పెత్తనమేంటి, లే.' అది గృహప్రవేశం నాటిది. పాటగాడు పాడతానంటే? 'పాడకు, చెవులింకా పనిచేస్తున్నాయి.' అది వకుళ మంగళహారతి మీద అన్నది. రాసేటప్పుడు ఒక్కొక్కటి మళ్ళీ గుచ్చుకునేది. గుచ్చుకున్నదాన్ని పద్నాలుగు అక్షరాల లైన్లలోకి మడిచేది. ఆరోరోజుకి రోజుకి తొంభై చొప్పున వస్తున్నాయి. కొన్నిచోట్ల నవ్వుకుంది కూడా. దూరంనించి చూస్తే అత్తగారి మాటకి మంచి పదునుంది.

కూరలు అడుగంటాయి. సన్యాసిరావు రెండురోజులు పెరుగన్నం తిని ఊరుకున్నాడు, మూడోరోజు ఊరుకోలేదు.

"అమ్మ ఇప్పుడు ప్రశాంతంగా ఉంది. మనమూ ఉన్నాం. ఉన్నదాన్ని కెలకడం ఎందుకు చెప్పు?"

"ప్రశాంతంగా లేరండీ. వద్దంటున్నారు, మీకు వినపడ్డం లేదు."

"వినపడేలా వద్దన్న రోజుల్లో నువ్వేం సుఖపడ్డావు?"

ఆ ప్రశ్నకి వకుళకి ఇంకాస్త ఒళ్ళు మండింది. వెళ్ళి మరో పద్దెనిమిది వద్దులు రాసింది.

ఎనిమిదోరోజుకి అన్నీ సూరిబాబుకి చేరాయి. తొమ్మిదోరోజు నుంచి టోపీలోకి ఎక్కాయి. అప్పలనరసమ్మగారు మొదటి మాట విన్నాక ఆట ఆపి, అద్దంలోంచి బయట నిలబడ్డ వకుళ వైపు చూసింది. తర్వాత నాలుగు గంటలపాటు వరసగా వద్దనే నొక్కిందని నీలోత్పల చెప్పింది. రెండు గంటలు కాగానే ఆపమంటే ఆపలేదట.

పదకొండోరోజు పొద్దున్న సన్యాసిరావు గరిటె పట్టుకుని వచ్చాడు. "ఇంకొంచెం వెయ్యనామ్మా?"

"మీ గుర్రానికి పెట్టండి, మాకొద్దు."

గరిటె గాల్లోనే ఉండిపోయింది. వకుళ వంటింట్లోకి పరిగెత్తి నోట్లో కొంగు కుక్కుకుంది. ఆ నవ్వు ఆరకముందే స్నానానికి నీళ్ళు తోడతానని వెళ్తే, "నా గదిలోకి అడక్కుండా రాకు" అని తనకీ ఒకటి పడింది. అయిదేళ్ళ కిందట ఆవిడ అన్నదే, మొన్న తను మడతపెట్టి రాసిందే. మళ్ళీ ఆవిడ నోట్లోంచే వచ్చి, ఏమాత్రం అరగకుండా, తగిలింది.

*

పన్నెండోరోజు ఉదయం అందరూ పరిశోధనశాలలో, సముద్రం కనిపించే గదిలో కూర్చున్నారు. కెమెరా పెట్టారు. కమిటీ ఆయన ఈసారి రాలేదు, నీలోత్పలనే అడగమన్నాడు. సన్యాసిరావు సెలవుపెట్టి వచ్చాడు. వకుళ బాగా తలదువ్వి, ఉతికిన చీర కట్టించి అత్తగారిని తీసుకొచ్చింది. ఆవిడ నోట సరే అన్న మాట పడగానే తన పని అయిపోతుంది. ఆ మూడు వేల సంభాషణలూ ఒక మనిషిలో కలకాలం నిలిచిపోతాయి. ఏ అనువాదానికి పడుతుంది ఆ యోగం?

నీలోత్పల అంతా విడమరిచి చెప్పింది. చేస్తే ఏమవుతుందో, చెయ్యకపోతే ఏం పోతుందో. తొందర పెట్టలేదు. అప్పలనరసమ్మగారు పాత డ్యూటీ రోజుల్లోలాగా, డాక్టరు చెప్పింది పూర్తిగా విన్నది.

"స్థిరీకరణకి మీరు ఒప్పుకుంటున్నారా అమ్మా?"

"ఖాళీగా ఉన్నా సరే, నా అటక ఎవరికీ ఇవ్వను."

వకుళకి వెంటనే తట్టింది. ఉప్పు వ్యాపారి చలికాలమంతా తన బస్తాలు సత్రం అటకమీద పెట్టుకుంటానని అడుగుతాడు. దానికి జవాబు. ఈ ఇంటి మాట కాదు, అసలు ఆటలో ఉన్నదే.

"అటకేంటి? అమ్మకి ప్రశ్న అర్థం కాలేదు. మళ్ళీ అడగండి" అన్నాడు సన్యాసిరావు.

అరగంట ఆగి మళ్ళీ అడిగారు.

"బస్తాలు దించకు. వచ్చిన దారినే తీసుకుపో."

మూడోసారి ప్రశ్న పూర్తికాకముందే జవాబొచ్చింది. "చెప్పానుగా. తలుపు వేస్తున్నా."

సన్యాసిరావు కళ్ళు ఎర్రబడ్డాయి. అతను అరవలేదు. అరిస్తే వకుళకి తేలికయ్యేది.

"నువ్వు రాసిన మాటలే కదా ఇవన్నీ" అన్నాడు. "ఇది అమ్మ అంటోందా, నువ్వంటున్నావా? నువ్వీ నాలుగొందలూ రాయకపోతే ఇవాళ పని జరిగిపోయేది. అమ్మ జీవితాంతం మాట్లాడేది. డాక్టర్‌గారూ, ఈ వద్దులు చెల్లవు. వేరేవాళ్ళు రాసిచ్చిన మాటలు ఎలా చెల్లుతాయండీ?"

నీలోత్పల వకుళకేసి చూసింది. ఏదో ఒకటి అనమన్నట్టు, పేషెంటు మనసు తెలిసిన మనిషి తనొక్కతే అన్నట్టు.

వకుళకి కోపం వచ్చింది. భర్త మీద కాదు, అత్తగారి మీద. ఏడేళ్ళ పని. పన్నెండు రోజుల పని. మాట పోగొట్టుకున్న మనిషికి మూడు వేల పైచిలుకు మాటలు పళ్ళెంలో పెట్టి ఇస్తే, సగ్గుబియ్యాన్ని తోసినట్టు తోసేసింది. కాస్త ఊరుకుంటే చాలు. 'అవునండీ, అవి నావే' అంటే చాలు. ఆవిడ బతికినన్నాళ్ళూ వకుళ వాక్యాలే మాట్లాడుతుంది.

తనైతే ఒప్పుకునేదా? పొద్దున లేస్తే అత్తగారు కుట్టిన మాటలే తొడుక్కుని, అత్తగారి మాటలతోనే అత్తగారి మీద విసుక్కుంటూ, చచ్చేదాకా?

"సరేలన్నీ కూడా నేనే రాశానండీ" అంది వకుళ. "పాలవాణ్ణి లోపలికి రమ్మంటే మీరు గోడకానుకుని ఏడ్చారు. అది చెల్లింది. సరేలు చెల్లినప్పుడు వద్దులూ చెల్లుతాయి."

"వకుళా, నువ్వు చెబితే అమ్మ వింటుంది."

"ఎప్పుడు విన్నారండీ?"

నీలోత్పల కెమెరా ఆపేసింది. కాగితం మీద 'అభ్యంతరం చెప్పలేదు' అన్నది కొట్టేసి 'వద్దన్నారు' అని రాసింది. అప్పలనరసమ్మగారు మాత్రం లేచి, తన చెప్పులు తనే వెతుక్కుంది.

*

మాటలు ఒక్కసారిగా పోలేదు. పోయినా బాగుండేది. అక్టోబరులో మంచు పోయింది. నవంబరులో బాటసారులు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. "లోపలికి రండి" అనబోయి "లోపలికి" దగ్గర ఆగిపోతే, పాలవాడు గుమ్మంలో అటో కాలూ ఇటో కాలూ వేసుకుని నిలబడేవాడు. వద్దులు మాత్రం కొంచెం ఎక్కువకాలం నిలిచాయి. డిసెంబరు మొదటివారంలో అవీ అయిపోయాయి. సన్యాసిరావు ఆ నెలంతా భార్యతో ఉప్పు అందించమని తప్ప మాట్లాడలేదు.

నీలోత్పల వారానికోసారి ఇంటికొచ్చి వ్యాయామాలు చేయించేది. వెళ్తూ వెళ్తూ ప్రతిసారీ అదే హెచ్చరిక. "ఆవిడ ఏదైనా అనబోతుంటే మీరు అందించకండి వకుళగారూ. ఎంతసేపైనా సరే. అందిస్తే ఆ దారి మూసుకుపోతుంది."

చెప్పడం తేలికే. చెప్పి కారెక్కి వెళ్ళిపోతుంది.

ఓ మధ్యాహ్నం పొయ్యిమీద పప్పు ఉడుకుతుండగా అప్పలనరసమ్మగారు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. గిన్నెకేసి చూసింది, వకుళకేసి చూసింది, నోరు తెరిచింది. శబ్దం రాలేదు. మళ్ళీ తెరిచింది. మెడ నరాలు ఉబ్బాయి. వకుళ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఏమనబోతోందో తెలుసు. ఉప్పు ఎక్కువైందనే. లేకపోతే మంట తగ్గించమని. అదీ కాకపోతే పప్పు ఇంత పలచనేమిటని. మూడు వాక్యాలూ నాలుక చివర సిద్ధంగా ఉన్నాయి, పద్నాలుగేసి అక్షరాల లైన్లలో, ఎక్కడా కారిపోకుండా. ఒక్కటి అందిస్తే ఇద్దరూ కూర్చోవచ్చు. గోడ గడియారంలో అయిదు నిమిషాలయ్యాయి. పది అయ్యాయి. ఆవిడ కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, దుఃఖంతో కాదు, ఉక్రోషంతో. వకుళకీ అదే ఉక్రోషం. అరవాలనిపించింది. పెదవి కొరుక్కుంది.

ఇరవై నిమిషాలకి వచ్చింది.

"ఇంగువ."

వకుళ సిద్ధం చేసుకున్న మూడు వాక్యాల్లోనూ ఇంగువ లేదు. పోపులో కూడా లేదు. వెయ్యడం మర్చిపోయింది.

డబ్బా తీసి వేసింది. అప్పలనరసమ్మగారు గుమ్మం పట్టుకుని ఊపిరి తీసుకుని, ఏదో రుజువు చేస్తున్నట్టు మళ్ళీ అంది. "ఇంగువ." ఆ తర్వాత వెళ్ళి పడుకుంది.

మర్నాడు అదే మాటకి ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. పప్పు మాడిపోయింది.